విశ్వవిద్యాలయానికి అక్షరాలు దిద్దినవాడు

ఒక విద్యాలయం పేరును ఫలకం మీదనో, గ్రంథ ముఖపత్రం మీదనో చూచినప్పుడు ఆ మాట మనస్సుకు అందకముందే అక్షరాల తీరు కంటికి తగులుతుంది. ఆ సంస్థకు గల గాంభీర్యాన్ని గాని ఆర్భాటాన్ని గాని ఆ తీరే చాలవరకు చెప్పివేస్తుంది. ఈ సత్యాన్ని గుర్తించి, ఒక విశ్వవిద్యాలయానికి తగిన అక్షరాలను సమకూర్చిన శిల్పి అమెరికా దేశస్థుడైన ఫ్రెడరిక్ విలియం గౌడీ.

గౌడీ 1865 మార్చి 8వ తేదీన ఇలినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో జన్మించాడు. అక్షరశిల్పాన్ని ఏ గురువు వద్దనూ అభ్యసించలేదు. యౌవనం చాలవరకు లెక్కలు వ్రాసే గుమాస్తాగా గడిచింది. 1896లో తాను గీసిన అక్షరాల వరుసను బోస్టన్‌లోని ఒక పోతశాలకు పంపి అయిదు డాలర్లు అడుగగా, వారు పది డాలర్లు పంపారు. అప్పటికి ఆయనకు ముప్పదియొక్క యేండ్లు.

1903లో భార్య బెర్తాతోనూ, ఒక మిత్రునితోనూ కలసి విలేజ్ ప్రెస్ అనే చిన్న ముద్రణాలయం స్థాపించాడు. అక్షరాలు కూర్చడంలో బెర్తా మిక్కిలి నేర్పరి. 1908లో న్యూయార్క్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ ముద్రణాలయం దగ్ధమైంది. గౌడీ మాత్రం పని మానలేదు. 1911లో వెల్స్ కథల సంపుటాన్ని అచ్చువేయబూనినప్పుడు, ఉన్న అక్షరాలు పుటలో వదులుగా కనిపించినవని కొత్త అక్షరాలనే నిర్మించాడు. వాటికి కెనర్లీ అని పేరు. 1915లో వెలువడిన గౌడీ ఓల్డ్ స్టైల్ ఆయన పేరును దేశమంతటా నిలిపింది. అరువదియేండ్లు దాటిన వయస్సులో, సీసం పోసే మాతృకలను స్వహస్తంతో చెక్కే విద్యను కూడ సాధన చేశాడు. 1935లో బెర్తా మరణించింది. ఆ మరుసటి యేట తన నూరవ అక్షరరూపానికి బెర్తామ్ అని ఆమె పేరు పెట్టుకున్నాడు.

ఆ దుఃఖం ఆరకముందే ఒక పెద్ద పని వచ్చింది. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయ నిర్వాహకుడు శామ్యూల్ ఫార్కర్, తమ గ్రంథాలకు మాత్రమే చెందే అక్షరాలు కావాలని కోరాడు. పండితగ్రంథాన్ని గంటల తరబడి చదివే కంటికి శ్రమ కలుగరాదు. అక్షరం తన అందాన్ని చాటుకొని భావాన్ని మరుగుపరచరాదు. అయినను ఆ పుట ఆ విద్యాపీఠానిదేనని తెలియాలి. ప్రాచీన రోమన్ సంప్రదాయాన్ని అనుసరించి గౌడీ 1938లో ఆ అక్షరాలను పూర్తిచేశాడు.

1939 జనవరి 26వ తేదీన మార్ల్‌బరోలోని ఆయన కర్మశాల కాలిపోయింది. దశాబ్దాలుగా కూడబెట్టిన చిత్రాలు, మాతృకలు, యంత్రాలు అగ్నికి ఆహుతి అయినవి. అప్పుడాయన వయస్సు డెబ్బదిమూడు. తనవద్ద దాచుకున్నవి పోయినవి గాని విశ్వవిద్యాలయానికి ఇచ్చినవి నిలిచినవి. 1940లో ఆ ముద్రణాలయమే ప్రచురించిన ఆయన గ్రంథం టైపోలోజియా ఆ అక్షరాలతోనే అచ్చయింది. వాటి నిర్మాణ వృత్తాంతం కూడ అందులోనే ఉన్నది.

1947 మే 11వ తేదీన గౌడీ మరణించాడు. ఆ తరువాత ఆ అక్షరాలు కాలిఫోర్నియన్ అనే పేరుతో ఇతర ముద్రాపకులకు కూడ లభించాయి. దశాబ్దాలు గడిచిన పిదప బర్క్లీ విశ్వవిద్యాలయం తన పేరును తీర్చుకొనుటకు వాటినుండి పుట్టిన రూపాన్నే స్వీకరించింది. సంస్థ గౌరవం అలంకారంలో లేదు, చదువరి యెడల చూపే శ్రద్ధలో ఉన్నదని గౌడీ జీవితం తెలుపుతున్నది. నల్లబల్ల మీద పాఠం వ్రాసే ఉపాధ్యాయునికీ, దానిని పుస్తకంలోకి ఎక్కించుకొనే విద్యార్థికీ ఇది స్మరణీయం.