ఓర్క్‌లకు క్షమాపణ ఉందా?

దేవుడు తాను చేసినదంతా చూసి, అది చాలా మంచిదని ఎంచాడని బైబిలు మొదటి అధ్యాయమే చెబుతోంది (ఆది 1:31). మరి పుట్టుకతోనే చెడ్డదై, మారుమనస్సుకు తావే లేని ఒక జాతి ఈ సృష్టిలో ఉండగలదా? ఉంటే దాన్ని చేసిందెవరు? సాతానుకు సృష్టించే శక్తి ఉందా? ఈ ప్రశ్నలు వేసినవారు వేదాంత కళాశాల విద్యార్థులు కారు. ఒక కథల పుస్తకం చదివి, అందులోని లోకం గురించి దాని రచయితను నిలదీసిన పాఠకులు. ఆ పుస్తకం 1954, 55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’. రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్.

ఆ పుస్తకం చదవని మన యువతకు కూడా అందులోని ఓర్క్‌లు తెలుసు. 2001 నుంచి 2003 వరకు వచ్చిన మూడు సినిమాల్లో చూశారు. వికారమైన ముఖాలు, క్రూరత్వం, చీకటి ప్రభువు సైన్యం. టోల్కీన్ చనిపోయిన మరుసటి ఏడాది, 1974లో, అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట మొదలైంది. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడిపిస్తుంటే మిగిలినవారు తలా ఒక పాత్ర అయిపోయే ఆట ఇది. ఆయన కథల్లోని జీవులెన్నింటినో అది అరువు తెచ్చుకుంది. హక్కుదారులు అభ్యంతరం చెప్పడంతో హాబిట్ల పేరు మార్చారు గానీ ఓర్క్‌లు అలాగే ఉండిపోయారు. వారి స్వభావం చెడు అని నియమాల పుస్తకంలోనే రాసి ఉండేది. కాబట్టి ఎందరిని చంపినా ఆడేవారికి మనస్సాక్షితో పని పడేది కాదు. 1980లలో అమెరికాలోని చాలా సంఘాలు ఈ ఆటలో మంత్రతంత్రాలున్నాయని భయపడ్డాయి. నన్నడిగితే, మంత్రాల కంటే ఆ స్వభావం అనే గడి గురించే ఎక్కువ ఆలోచించాల్సింది. పుట్టుకను బట్టి మనిషిని లెక్కగట్టే పద్ధతి మన ఊళ్లకు కొత్త కాదు. ఆ లెక్క లేని చోటు వెతుక్కుంటూనే మన తాతముత్తాతలు ఎందరో సువార్త దగ్గరికి వచ్చారు.

టోల్కీన్ 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో జన్మించారు. తండ్రి బ్యాంకు మేనేజరు. తల్లి మేబెల్ ఇద్దరు కొడుకులను తీసుకుని 1895లో ఇంగ్లండ్‌కు రాగా, అక్కడే ఉండిపోయిన తండ్రి మరుసటి ఏడాది జబ్బుచేసి చనిపోయాడు. 1900లో మేబెల్ రోమన్ క్యాథలిక్ సంఘంలో చేరింది. బంధువులు మండిపడ్డారు. అందుతున్న డబ్బు సాయం ఆగిపోయింది. సిద్ధాంతాల విషయంలో మన అభిప్రాయం ఏదైనా కావచ్చు గానీ, ఒక విధవరాలి ఇంట్లో పొయ్యి ఆర్పి సత్యాన్ని కాపాడామనుకోవడం ప్రొటెస్టంట్లమైన మనం తలదించుకోవాల్సిన సంగతి. షుగరు వ్యాధితో ఆమె 1904లో, 34 ఏళ్లకే మరణించింది. ఇన్సులిన్ అప్పటికింకా రాలేదు. తల్లి తన విశ్వాసం కోసం ప్రాణం పెట్టిందని ఆమె పెద్దకొడుకు జీవితాంతం నమ్మారు. పన్నెండేళ్ల ఆ బాలుడినీ తమ్ముడినీ ఫ్రాన్సిస్ మోర్గన్ అనే ఫాదరు సంరక్షకుడిగా ఉండి పెంచారు.

1916 మార్చిలో ఎడిత్‌ను పెళ్లాడిన టోల్కీన్, జూన్‌లో సైన్యంతో ఫ్రాన్స్‌కు వెళ్లారు. సోమ్ నది దగ్గర సాగిన ఘోరయుద్ధంలో సిగ్నల్ అధికారిగా పనిచేశారు. బడినాటి ప్రాణస్నేహితులు నలుగురిలో ఆ ఏడాది ముగిసేసరికి ఇద్దరే మిగిలారు. కందకాల్లో పేల ద్వారా సోకే జ్వరం పట్టుకుని ఆయన నవంబరులో ఇంటికి చేరారు. మధ్యలోకం కథలు మొలకెత్తింది ఆ జబ్బునుంచి కోలుకుంటున్న రోజుల్లోనే. తర్వాత లీడ్స్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో ప్రాచీన ఆంగ్లం బోధిస్తూ జీవితం గడిపారు. నాస్తికత్వం విడిచి దేవుణ్ని ఒప్పుకున్నా క్రీస్తు దగ్గర ఆగిపోయిన సి.ఎస్. లూయిస్‌తో 1931 సెప్టెంబరులో ఒక రాత్రి తెల్లవారుజాము దాకా మాట్లాడినవారిలో ఈయన ఒకరు. లూయిస్ కొద్ది రోజులకే క్రైస్తవుడయ్యారు. ఆ లూయిస్ పుస్తకాలు మన పాస్టర్ల అల్మారాల్లో ఈనాటికీ ఉన్నాయి.

శత్రువంటే ఎలా ఉంటాడో టోల్కీన్ పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. అయినా ఒక జాతి మొత్తం చెడ్డదనే మాటను మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ‘హాబిట్’ పుస్తకాన్ని జర్మన్‌లోకి తేవాలనుకున్న ప్రచురణకర్తలు 1938లో ఆయన ఆర్య సంతతివారేనా అని ఆరా తీశారు. యూదుల వంటి ప్రతిభావంతులైన జనం తన పూర్వీకుల్లో లేనందుకు విచారిస్తున్నానని జవాబు సిద్ధం చేశారాయన. 1944లో గాలి అటువైపు తిరిగింది. జర్మన్లంతా విషసర్పాలు, మంచిచెడులు తెలియనివారు, యుద్ధం ముగిశాక వారిని సమూలంగా తుడిచిపెట్టాలని ఇంగ్లండ్‌లోనే ఒక స్థానిక పత్రిక రాసింది. సైన్యంలో ఉన్న కుమారుడు క్రిస్టోఫర్‌కు ఉత్తరం రాస్తూ టోల్కీన్ దాన్ని దుయ్యబట్టారు. యూదులను పురుగులని చంపే హక్కు జర్మన్లకు ఎంత ఉందో జర్మన్లను అలా అనే హక్కు మనకూ అంతే ఉందని, అంటే అసలు లేదని ఆయన వాదన. నిజమైన యుద్ధంలో ఓర్క్‌లు రెండు పక్షాల్లోనూ ఉంటారని కూడా అదే కుమారుడికి రాశారు.

మరి అలాంటి మనిషి తన కథలో ఓర్క్‌లనే జాతిని ఎందుకు పెట్టినట్టు? పాఠకులు వదల్లేదు.

1954లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్తవ పుస్తకాల దుకాణం నడిపే ఒక క్యాథలిక్ విశ్వాసి సూటిగా అడిగాడు. చెట్టుమనిషి ట్రీబియర్డ్ మాటలను బట్టి చూస్తే చీకటి ప్రభువే ఓర్క్‌లనూ ట్రోల్‌లనూ చేసినట్టుంది, సృష్టించడం దేవునికే చెల్లుతుంది కదా అని. టోల్కీన్ కూర్చుని పొడవాటి జవాబు రాశారు. ట్రీబియర్డ్ కథలో ఒక పాత్ర మాత్రమే, అతనికి తెలియనివి చాలా ఉన్నాయన్నారు. చెడు దేన్నీ కొత్తగా పుట్టించలేదు, ఉన్నదాన్ని పాడుచేసి వెక్కిరించగలదంతే. కథలో ఫ్రోడో తన నేస్తం శామ్‌కు చెప్పేదీ అదే. కలిగినదేదీ వాక్యం లేకుండా కలగలేదన్న యోహాను సువార్త (1:3) బోధకు ఇది దగ్గరగానే ఉంది.

ఆ జవాబులో ఒక చోటు ఉంది. ఓర్క్‌ల స్వభావమే చెడ్డదని రాసి, ఇక బాగుపడలేనంత చెడ్డదని రాయబోయి, కలం ఆపుకున్నారు. అలా అనడం హద్దు మీరడమేనని అక్కడే ఒప్పుకున్నారు. చివరికి ఆ ఉత్తరాన్ని పంపనే లేదు. తనకు తానే మరీ ప్రాముఖ్యం ఇచ్చుకుంటున్నట్టుందని పక్కన పెట్టేశారు.

ప్రాణం పోయడం ఎవరి చేతిలో ఉందో చెప్పే కథ ఒకటి ‘సిల్మరిలియన్’లో ఉంది. దేవదూతల వంటివాడైన ఔలే, దేవుని పిల్లలైన ఎల్ఫ్‌లూ మనుష్యులూ ఎప్పుడు పుడతారా అని ఎదురుచూడలేక, చాటుగా పొట్టిజాతి మనుషులను మలిచాడు. దేవుడు వచ్చి అడిగితే గడగడలాడాడు. అతను తలచుకుంటేనే అవి కదిలేవి, లేకుంటే ఊరికే నిలబడేవి. తప్పు ఒప్పుకుని, వాటిని పగలగొట్టడానికి సుత్తి ఎత్తాడు. ఆ బొమ్మలు భయంతో ముడుచుకున్నాయి. అప్పటికే దేవుడు జాలిపడి వాటికి సొంత ప్రాణం పోశాడు! సండేస్కూలు పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి, ఆ సుత్తి దగ్గర ఊపిరి బిగబట్టి వింటారు.

1965లో కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్ మళ్లీ తట్టిలేపారు. ఒక జాతి మొత్తం రక్షణకు అందదనడం దుర్బోధ కాదా అని. తాను వేదాంతిని కాదని టోల్కీన్ తగ్గించుకున్నారు. కథను సిద్ధాంత గ్రంథంలా కొలవనక్కర్లేదని, అయినా అది క్రైస్తవ విశ్వాసంతో పొసగాలన్నదే తన ఉద్దేశమని జవాబిచ్చారు. ఓర్క్‌లు మూలంలోనే చెడ్డవారు కారని ఫ్రోడో చేత అనిపించానని గుర్తుచేశారు. ఆ మరుసటి ఏడాదే ‘జెరూసలేం బైబిల్’ ఆంగ్లంలో వెలువడింది. అందులో టోల్కీన్ పాలుపంచుకున్న గ్రంథం ఏదో తెలుసా? యోనా. నీనెవె వంటి దుర్మార్గపు పట్టణం మీద దేవుడు జాలిపడ్డాడని అలిగి కూర్చున్న ప్రవక్త కథ.

నిజానికి నవలలోనే ఆయన ఓర్క్‌లు పూర్తి రాక్షసులు కాలేకపోయారు. కాపలా కాస్తున్న ఇద్దరు ఓర్క్ నాయకులు పైఅధికారులను తిట్టుకుంటారు, యుద్ధం అయిపోతే కొందరు నమ్మకస్తులను వెంటేసుకుని ఎక్కడికైనా పోయి సొంతంగా బతుకుదామనుకుంటారు. వారు కలలు కనేది దోపిడీ బతుకే, పుణ్యకార్యాలేమీ కాదు. కానీ ఆ విసుగు ఏ సైనికుడికైనా ఉండేదే. సోమ్ కందకాల్లో గడిపినవారికి అలాంటి మాటలు బాగా తెలిసే ఉంటాయి.

టోల్కీన్ 1973 సెప్టెంబరు 2న, 81వ ఏట కన్నుమూశారు. నాలుగేళ్ల తర్వాత క్రిస్టోఫర్ ‘సిల్మరిలియన్’ను కూర్చి ప్రచురించారు. బందీలుగా చిక్కిన ఎల్ఫ్‌లను శత్రువు హింసించి, చెరిపి ఓర్క్‌లుగా మార్చాడన్న వివరణ అందులో ఉంది. అయితే తండ్రి దాంతో తృప్తిపడలేదని 1993లో అచ్చయిన కాగితాలు బయటపెట్టాయి. మృగాల నుంచి వచ్చారా, మనుష్యుల నుంచా, పడిపోయిన చిన్న ఆత్మలా అంటూ ఆయన రాసుకుంటూ, కొట్టేసుకుంటూ వెళ్లారు. సమస్య తేలలేదు. ఈలోగా ఆ బల్లమీది ఆట కూడా మారింది. 2024లో వచ్చిన దాని కొత్త నియమాల పుస్తకంలో, ఆడేవారు తమ పాత్రకు ఎంచుకోగల జాతుల్లో ఓర్క్‌లూ ఉన్నారు.

ఆ కాగితాల్లో మూలం సంగతి అలా తేలకుండానే ఉన్నా, ఒక విషయం మాత్రం ఏ సందేహమూ లేకుండా రాసి ఉంది. మధ్యలోకంలోని జ్ఞానులు తమవారికి ఒక కట్టడ నేర్పారట. ఓర్క్‌లతో గట్టిగా పోరాడాలి గానీ, వారి క్రూరత్వాన్నీ మోసాన్నీ వారిమీద ప్రయోగించకూడదు. సొంత ఇళ్లను కాపాడుకోవడానికి అవసరమైన కబురు రాబట్టడానికైనా సరే, పట్టుబడినవారిని చిత్రహింస పెట్టకూడదు. ఏ ఓర్క్ అయినా లొంగిపోయి కనికరం అడిగితే, ఎంత నష్టం వచ్చినా కనికరించాలి.