వట్టికోట ఆళ్వారుస్వామి

వట్టికోట ఆళ్వారుస్వామి (నవంబరు 1, 1915 - ఫిబ్రవరి 5, 1961) తెలంగాణకు చెందిన ప్రముఖ రచయిత, ప్రచురణకర్త, స్వాతంత్ర్య సమరయోధుడు. తెలంగాణ జనజీవితాన్ని నవలగా చిత్రించిన తొలితరం రచయితలలో అగ్రగణ్యుడు. జైలులో తోటి ఖైదీల నేరాల పూర్వాపరాలను తెలుసుకొని వాటిని కథలుగా మలచడం ఆయన సాహిత్య కృషిలో ఒక విశిష్టత.

జీవిత విశేషాలు

ఆళ్వారుస్వామి నల్గొండ జిల్లా, నకిరేకల్ సమీపంలోని చెరువు మాదారం గ్రామంలో జన్మించాడు. ఆనాడు సూర్యాపేట, కోదాడ కూడా ఈ జిల్లాలోనివే. బాల్యంలోనే తండ్రి మరణించడంతో ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. కొంతకాలం విజయవాడలో హోటలు సర్వరుగా పనిచేశాడు. తరువాత హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరు అయ్యాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకొని ఇంటింటికీ తిరిగి అమ్మాడు. ఆంధ్ర మహాసభలోను, అనంతరం కమ్యూనిస్టు ఉద్యమంలోను పాల్గొని పలుమార్లు జైలుకు వెళ్ళాడు.

జైలు జీవితం

నిజామాబాదు జైలులో కవి దాశరథి కృష్ణమాచార్య ఆయన సహచరుడు. దాశరథి బొగ్గుతో గోడపై వ్రాసిన పద్యాలను ఆళ్వారుస్వామి కంఠస్థం చేసేవాడు. దాశరథి తన అగ్నిధార (1949) కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

రాజకీయ ఖైదీ అయినప్పటికీ ఆళ్వారుస్వామి దొంగతనం, హత్య వంటి నేరాలకు శిక్ష పడిన సామాన్య ఖైదీలతో కలిసిమెలిసి ఉండేవాడు. వారి గాథలే ఆయన "జైలు లోపల" కథలకు ఆధారం. న్యాయస్థానం నేరం జరిగిందా లేదా అని విచారిస్తే, ఈ కథలు ఆ మనిషి నేరానికి ఎలా చేరాడని విచారిస్తాయి. పేదరికం, దొరల పెత్తనం, చుట్టూ ఉన్న పరిసరాలు మనిషిని ఎలా మారుస్తాయో చూపుతాయి. అయితే నేరాన్ని ఘనకార్యంగా చిత్రించవు.

అమెరికా రచయిత ట్రూమన్ కపోటి 1959 నాటి కాన్సాస్ హత్యలను పరిశోధించి "ఇన్ కోల్డ్ బ్లడ్" (1966) వ్రాశాడు. ఆ పరిశోధన ఇతివృత్తంగా 2005లో "కపోటి" చలనచిత్రం వచ్చింది. కపోటి ఖైదీలను కలవడానికి బయటినుండి జైలుకు వెళ్ళగా, అంతకు ముందే ఆళ్వారుస్వామి తానూ ఖైదీగా ఉండి వారి మాటలు విన్నాడు.

ఇతర రచనలు

1955లో వెలువడిన "ప్రజల మనిషి" నవలలో నిజాం పాలనలోని గ్రామీణ జీవితాన్ని, ప్రజల చైతన్యాన్ని చిత్రించాడు. దీనికి కొనసాగింపు వంటి "గంగు" నవల అసంపూర్ణంగా మిగిలి, ఆయన మరణానంతరం ప్రచురితమైంది. 45 ఏళ్ళకే కన్నుమూసినా, చరిత్రకెక్కని సామాన్యుల జీవితాలను గ్రంథస్థం చేసిన రచయితగా ఆయన గుర్తుండిపోయాడు.