నడుము విరిగినవారిని ఆటలలోకి దించిన వైద్యుడు

తాడిచెట్టు మీది నుంచి జారిపడో, ట్రాక్టరు తిరగబడో వెన్నెముక విరిగి మంచాన పడినవారు మన పల్లెలలో అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటారు. అటువంటివారు ఎంతోకాలం బతకరనే మాట ఒకప్పుడు పెద్ద దేశాల పెద్ద ఆస్పత్రులలో కూడా వినిపించేది. ఆ మాటను అబద్ధం చేసి చూపినవారు డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్.

ఆయన 1899 జూలై 3న అప్పటి జర్మనీలోని టోస్ట్ అనే చిన్న పట్నంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. ఆ తర్వాత కుటుంబం బొగ్గు గనుల పట్నమైన కోనిగ్‌షుట్టేకు మారింది. 1917లో, ఇంకా డాక్టరు చదువులో చేరకముందే, అక్కడ గని కార్మికుల ఆస్పత్రిలో ఆయన సహాయకుడుగా పనిచేశారు. ఒకనాడు వెన్నెముక విరిగిన కార్మికుణ్ణి తెచ్చారు. మంచి వయసులో ఉన్న బలిష్ఠుడు. అతని వివరాలు రాసుకోవడం కూడా దండగేననీ, కొద్ది వారాలలో పోతాడనీ అక్కడివారు తేల్చేశారు. అన్నట్టే ఐదు వారాలకు అతడు మరణించాడు. ప్రాణం తీసినవి పడక పుండ్లు, మూత్రంలో చేరిన చీము. విరిగిన ఎముక వల్ల అతడు చావలేదన్న సంగతి గుట్‌మన్ మనసులో నాటుకుపోయింది.

చదువు పూర్తిచేసి బ్రెస్లావ్‌లో నరాల వైద్యుడుగా పేరు తెచ్చుకున్నారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం వచ్చి యూదు డాక్టర్లను ఆస్పత్రుల నుంచి వెళ్లగొట్టింది. గుట్‌మన్ యూదుల ఆస్పత్రికి మారారు. 1938 నవంబరులో యూదులపై దాడులు జరిగిన రాత్రి, గుమ్మం తొక్కిన ప్రతివారినీ చేర్చుకోమని ఆదేశించారు. మర్నాడు పోలీసులు వచ్చి నిలదీస్తే, ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు చెప్పి 64 మందిలో 60 మందిని కాపాడారు. 1939 మార్చిలో భార్యతో, ఇద్దరు పిల్లలతో ఇంగ్లండు చేరుకున్నారు.

యుద్ధంలో నడుము విరిగిన సైనికుల కోసం 1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో ఒక వార్డు తెరిచి, దానిని ఆయనకు అప్పగించారు. అదేమంత కోరుకోదగిన ఉద్యోగం కాదు. చావుకు సిద్ధమైన రోగుల వార్డుగానే దానిని అందరూ చూశారు.

ఆయన చేసిన వైద్యంలో వింత మందులేవీ లేవు. ఆరోగ్యవంతుడు నిద్రలో కూడా అటూ ఇటూ ఒత్తిగిలుతాడు. నడుము కింద స్పర్శ పోయినవాడికి నొప్పి తెలియదు కనుక కదలడు. ఒకేచోట బరువు ఆనితే అక్కడికి రక్తం అందక కండ చచ్చి పుండు పడుతుంది. అందుకని రాత్రింబవళ్లు ప్రతి రెండు గంటలకు రోగిని పక్కకు తిప్పాలని ఆయన కట్టడి చేశారు. ఒళ్లంతా పట్టీ వేసి బిగించే పాత పద్ధతిని మాన్పించారు. మూత్రం తీసే గొట్టం విషయంలో ఏమాత్రం అశుభ్రత సహించేవారు కారు. నర్సులు తిప్పుతున్నారో లేదో చూడడానికి రాత్రివేళ కూడా వార్డుకు వచ్చేవారు. మెత్తని మనిషి కారు. ఆయన అరుపులకు సిబ్బంది బెదిరేవారు. అయినా రోగులు ఆయనను ముద్దుగా నాన్నా అనే అర్థం వచ్చేలా పాపా అని పిలిచేవారు.

పుండ్లు మానిన తర్వాత మంచంలో ఉంచితే ఏం లాభం? చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వడ్రంగం, గడియారాల మరమ్మతు వంటి పనులు నేర్పించారు. ఆపైన ఆటలు. కాళ్లు పడిపోయినవారికి శరీరభారమంతా చేతులు, భుజాలే మోయాలి. విల్లు లాగితే భుజాలు గట్టిపడతాయి, కుర్చీలో తూలకుండా కూర్చోవడం అలవడుతుంది. మనసులోని దిగులు కూడా సగం తగ్గుతుంది. మొదట కర్రలతో పోలో ఆడించారు గాని, దెబ్బలు ఎక్కువై మానిపించి బాస్కెట్‌బాల్ పెట్టారు.

1948 జూలై 29న లండన్‌లో ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, తన ఆస్పత్రి ఆవరణలో ఆయన విలువిద్య పోటీ పెట్టారు. పాల్గొన్నవారు 16 మంది. అందులో ఇద్దరు స్త్రీలు. 1952లో హాలండు జట్టు వచ్చింది. 1960లో రోములో జరిగిన పోటీలకు సుమారు 400 మంది వచ్చారు. దానినే నేడు మొదటి పారాలింపిక్స్‌గా లెక్కిస్తున్నారు. 1966లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్, అంతకుముందు బాక్సింగ్ ఆడినవాడు, ఈతను వైద్యంగా మొదలుపెట్టాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచాడు. ఈ క్రీడలలో భారత దేశానికి అదే తొలి స్వర్ణం.

గుట్‌మన్ 1980 మార్చి 18న కన్నుమూశారు. వెన్ను దెబ్బ తిన్నవారి కోసం మొదలైన ఆ పోటీలలో తర్వాత చూపు లేనివారికి, చేతులు లేనివారికి, బుద్ధి ఎదుగుదల తక్కువైనవారికి కూడా చోటు దొరికింది. 2024లో పారిస్‌లో వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు పిల్ల జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది ఆ పోటీలలోనే.