ఎమిల్ జోలా: జీవితం, మరణం

బొగ్గుగనుల అడుగున కార్మికులు పడే అగచాట్లను లోకానికి కళ్లకు కట్టినట్లు చూపిన రచయిత ఒకడు, తన యింటిలో, తన పడకగదిలో, రాజీ రాజని బొగ్గుపొయ్యి కారణంగా ప్రాణాలు కోల్పోయాడంటే అది విధి వైపరీత్యమనే అనిపిస్తుంది. ఆ రచయిత ఫ్రెంచి నవలాకారులలో అగ్రగణ్యుడైన ఎమిల్ జోలా. అయితే ఆయన మరణానికి విధిని నిందించి ఊరుకోవడం కంటె, ఆ రాత్రి ఆ గదిలో ఏమి జరిగిందో తెలుసుకోవడం మేలు. ఏలనంటే, కారణాన్ని వెదకకుండా దేనినీ విధికి వదలివేయరాదన్నదే ఆయన తన రచనలన్నిటా బోధించిన పాఠం.

జోలా 1840 ఏప్రిల్ 2వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రాంచెస్కో జోలా ఇటలీలోని వెనిస్ నగరానికి చెందిన ఇంజనీరు. తల్లి ఎమిలీ ఫ్రెంచి వనిత. దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ పట్టణం ఆ రోజులలో మంచినీటికి కటకటలాడుతూ ఉండేది. కొండల నడుమ ఆనకట్ట కట్టి, కాలువ ద్వారా ఆ పట్టణానికి నీరు తేవాలని తండ్రి సంకల్పించాడు. కుటుంబం 1843లో అక్కడికి తరలిపోయింది. ఎన్నో ఏళ్ల ప్రయత్నం మీద 1847లో పని ప్రారంభమైంది. కాని, పని చూడబోయి చలికి గురియైన ఆయన, ఊపిరితిత్తుల జబ్బుతో కొద్ది దినాలలోనే కన్నుమూశాడు. అప్పటికి కుమారునికి ఏడేండ్లు కూడా నిండలేదు. విల్లు వలె వంగిన ఆ ఆనకట్ట తరువాత 1854లో పూర్తయింది. నేటికీ అది జోలా ఆనకట్ట అనే పేరుతోనే నిలిచి ఉన్నది. ఊరికి నీరు తెచ్చిన పేరు మాత్రం ఇంటికి అన్నం తేలేదు. తల్లి, కొడుకు దారిద్ర్యంలో పడ్డారు.

ఎక్స్ పాఠశాలలో జోలాకు లభించిన పెన్నిధి, తరువాత కాలంలో చిత్రకారుడుగా విశ్వఖ్యాతి గాంచిన పాల్ సెజాన్ స్నేహం. 1858లో పారిస్ చేరిన జోలా మరుసటి సంవత్సరం పట్టపు ప్రవేశానికి అవసరమైన పరీక్షకు రెండు పర్యాయాలు కూర్చుని, రెండు పర్యాయాలూ తప్పాడు. ఆ పిమ్మట కొంతకాలం ఆయన జీవితం దుర్భరంగా గడిచింది. ఇంటి కప్పు క్రింది అటకగదులలో, చలికాలంలో నిప్పు వేసుకునేందుకు బొగ్గు కొనే స్తోమత లేక, దుప్పటి కప్పుకొని పడకమీదనే కూర్చుని వ్రాసుకునేవాడు. ముప్పైయేళ్లు దాటిన తరువాత పొయ్యి వేసుకోగల సిరిసంపదలు ఆయనకు వచ్చాయి. నిప్పు లేని గది చంపలేని మనిషిని నిప్పున్న గది చంపింది!

1862లో అషెట్ అనే పుస్తక ప్రకాశకుల వద్ద గుమాస్తా ఉద్యోగం దొరికింది. పుస్తకాలు మూటలు కట్టే పనితో మొదలు పెట్టి, ప్రచార శాఖకు అధికారి స్థాయికి చేరుకున్నాడు. ఆ ఏడే ఫ్రెంచి పౌరసత్వం కూడా పొందాడు. 1866లో ఉద్యోగానికి స్వస్తి చెప్పి, కలమే జీవనాధారంగా స్వీకరించాడు. 1870లో అలెగ్జాండ్రీన్‌ను వివాహమాడాడు. 1871 మొదలు 1893 వరకు ఒకే కుటుంబపు రెండు శాఖల కథగా ఇరువది నవలలు వెలువరించాడు. రూగాఁ–మకార్ అని వాటికి సామూహిక నామం. వంశం నుండి వచ్చే గుణదోషాలూ, చుట్టూ ఉన్న పరిసరాలూ కలసి మనిషిని ఎట్లు తీర్చిదిద్దుతాయో పరిశీలించడమే వాటి లక్ష్యం. ఈ పద్ధతికి ఆయన గురువుగా ఎంచుకున్నది కవిని కాదు, క్లోద్ బెర్నార్ అనే శరీరధర్మ శాస్త్రవేత్తను. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. కథలో ఇది మరల వస్తుంది.

జోలా నవలలలో ఇండ్లకు, పనిముట్లకు, పనివాళ్లకు ఉన్నంత ప్రాధాన్యం అంతకు ముందు ఏ నవలలోనూ కనిపించదు. 1877లో వెలువడి ఆయనకు ధనాన్నీ, కీర్తినీ ఒక్కసారిగా తెచ్చిపెట్టిన లాసొమ్మార్ నవలలో కూపో అనేవాడు ఇండ్ల కప్పులకు తుత్తునాగపు రేకులు అమర్చే పనివాడు. ఒకనాడు కప్పుమీద పనిచేస్తూ, క్రింద వీధిలో నుండి చిన్నారి కూతురు పిలువగా, అటు తిరిగి కాలు జారి పడతాడు. కాలు విరుగుతుంది. ఆ కాలు బాగయ్యేలోగా సోమరితనం, దాని వెంట తాగుడు వచ్చి చేరుతాయి. ఒక్క క్షణం ఏమరుపాటు వలన చక్కని సంసారం సర్వనాశనమవుతుంది. 1882 నాటి పో–బుయ్ నవలలో ఒక గొప్ప భవంతి ఉన్నది. దాని మేడమెట్లు సైతం వెచ్చగా ఉండేటట్లు ఏర్పాటు చేశారు. ముందు చూస్తే పాలరాయి, తివాచీలు. వెనుక ఇరుకు పెరడు మాత్రం వంటింటి కుళ్లంతా కిటికీలలో నుండి పారబోసే మురుగుగుంట. ఇంటి కట్టడంలోని లోపాన్ని ఇంటివారి నడతలోని లోపానికి అద్దంగా చూపిన నేర్పు అది.

1884లో ఉత్తర ఫ్రాన్సులోని ఆంజాఁ బొగ్గుగనులలో సమ్మె జరుగుతూండగా జోలా అక్కడికి వెళ్లి, కార్మికుల ఇండ్లు చూచి, స్వయంగా గనిలోకి దిగాడు. ఆ అనుభవ ఫలితమే 1885లో వెలువడిన జెర్మినాల్. త్రవ్విన బొగ్గుకే గాని, కప్పు కూలకుండా నిలిపే కొయ్యపోట్లకు తగిన కూలి దొరకదు గనుక కార్మికులు ఆ పోట్లను అశ్రద్ధ చేస్తారు. పైకప్పు కూలి ప్రాణాలు పోతాయి. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు జోలా తొందరపడి సమాధానం చెప్పడు. నవల చివర ఒక దుస్సాహసి, నీరు లోనికి రాకుండా గనిబావి చుట్టూ బిగించిన కొయ్యకట్టును రాత్రివేళ రహస్యంగా చెడగొడతాడు. మరునాడు గనిలో దిగినవారిని నీరు ముంచెత్తుతుంది. పదుగురి ప్రాణాలు ఆధారపడిన కట్టడాన్ని కంటికి కనబడకుండా ఒక చేయి పాడుచేస్తే ఏమవుతుందో వ్రాసిన ఈ రచయితకే, పదిహేడేండ్ల తరువాత అట్టి చేయి తగిలిందేమోనన్న అనుమానం లోకానికి మిగిలిపోయింది.

ఆ అనుమానానికి మూలం డ్రెయ్‌ఫస్ వ్యవహారం. ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న యూదుడు ఆల్‌ఫ్రెడ్ డ్రెయ్‌ఫస్, జర్మనీకి రహస్యాలు అందజేశాడన్న అపరాధం మీద 1894లో శిక్షింపబడి, సముద్రాల కావల ఉన్న డెవిల్స్ ద్వీపానికి పంపబడ్డాడు. అసలు దోషి వేరొక అధికారి. ఆ అధికారిని 1898 జనవరి 11న సైనిక న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. రెండు రోజులు తిరగక ముందే, 13వ తేదీన, లొరోర్ పత్రిక మొదటి పుటలో దేశాధ్యక్షునికి జోలా వ్రాసిన బహిరంగలేఖ వెలువడింది. తప్పు చేసిన సేనానులను పేరు పేరునా నిలదీసిన ఆ సంచిక సుమారు 3 లక్షల ప్రతులు అచ్చయింది. ఫలితంగా ఆయనకు ఒక సంవత్సరం కారాగారం, 3,000 ఫ్రాంకుల జుర్మానా విధించారు. వీధులలో మూకలు ఆయనకు మరణం పలికాయి. ఆ జూలైలో ఆయన ఇంగ్లండుకు వెళ్లి, అక్కడ అజ్ఞాతవాసం చేసి, 1899 జూన్‌లో తిరిగి వచ్చాడు. కీర్తి, శాంతి, ధనం అన్నీ ఉన్న వయస్సులో, తనకు బంధువు కాని ఒక అపరిచితుని కొరకు వాటినన్నిటినీ పణంగా పెట్టాడు. ఆయన జీవితంలో ఇంతకంటె గొప్ప ఘట్టం లేదు.

1902 సెప్టెంబరు 28వ తేదీన జోలా దంపతులు మెదాఁ గ్రామంలోని వేసవి విడిదినుండి పారిస్‌లో బ్రస్సెల్స్ వీధిలోని ఇంటికి తిరిగి వచ్చారు. కొన్నినెలలుగా వాడకం లేని ఇల్లు చెమ్మగిలి చల్లగా ఉన్నది. నౌకరు పడకగది గోడపొయ్యిలో బొగ్గు వేసి అంటించాడు. మంట సరిగా రాజుకోలేదు. కిటికీలు మూసి, తలుపు గడియ వేసుకొని భార్యాభర్తలు నిద్రించారు. నడిరేయి దాటిన తరువాత అలెగ్జాండ్రీన్ తలనొప్పితో, వికారంతో మేల్కొన్నది. భర్తకూ ఒంట్లో బాగాలేదు. పెంపుడు కుక్కలు సైతం నలతగా ఉన్నాయి. నౌకర్లను లేపుదామని ఆమె తలచింది. తిన్నది సరిపడలేదేమో, తెల్లవారితే తగ్గిపోతుంది, ఇంతమాత్రానికి వారి నిద్ర చెడగొట్టడమెందుకని జోలా వారించాడు. కొంతసేపటికి కిటికీ తెరువాలని మంచం దిగి, రెండడుగులు వేసి నేలకూలాడు. ఆమె లేవబోయి, లేవలేక స్పృహ తప్పింది. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో నౌకర్లు తలుపు పగులగొట్టి చూచేసరికి ఆమెకు ప్రాణమున్నది. జోలాకు మాత్రం వైద్యుల యత్నమేదీ ఫలించలేదు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు.

ఈ విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడు. బొగ్గు గాని, కట్టె గాని చాలినంత గాలి తగలక అరకొరగా కాలినప్పుడు ఇది పుడుతుంది. పొగగొట్టం సక్రమంగా ఉంటే వేడిగాలితో పాటు ఇదీ పైకి లేచి బయటకు పోతుంది; గొట్టం పూడినా, పగిలినా, లాగే శక్తి చాలకపోయినా వెనుకకు మరలి గదిలో నిండుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని ఎర్రని పదార్థం ప్రాణవాయువును పట్టుకునే దానికంటె 200 రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. అందుచేత ఊపిరి ఆడుతున్నా శరీరానికి ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, పిదప వికారం, కాళ్లలో నిస్సత్తువ. వీటితో పాటే ఆలోచనాశక్తి మందగిస్తుంది. బాధితుడు దానిని అజీర్ణమనో, అలసట అనో పొరబడతాడు. లేచి నడువబోతే శరీరానికి ప్రాణవాయువు మరింత అవసరమై, అక్కడికక్కడే కూలిపోతాడు. మంచం మీద పడిఉన్న భార్య బ్రతికి, లేచిన భర్త మరణించడానికి ఇదే కారణం కావచ్చు. ఈ వాయువు నెత్తురులో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుందని 1850 దశకంలోనే నిరూపించిన శాస్త్రవేత్త మరెవరో కాదు. జోలా తన సాహిత్య సిద్ధాంతానికి గురువుగా ఎంచుకున్న క్లోద్ బెర్నారే. గురువు దాదాపు అర్థశతాబ్దికి పూర్వమే వివరించిన విషాన్ని శిష్యుడు తన గదిలో గుర్తుపట్టలేకపోయాడు.

అధికారులు విచారణ జరిపారు. నెత్తురులో విషవాయువు ఉన్నదని తేలింది. కాని అదే గదిలో గినీ పందులను ఉంచి, తిరిగి పొయ్యి అంటించి, తలుపులు మూసి చూడగా, అవి చావలేదు. పొగగొట్టాన్ని విప్పదీసి చూస్తే, దానిని మూసివేయగలంత మసి కనబడలేదు. ఈ వివరాలు వెల్లడిస్తే దేశంలో మరల చిచ్చు రేగుతుందని కాబోలు, వాటిని బయటపెట్టకుండానే, ప్రమాదవశాత్తు సంభవించిన మరణమని తేల్చారు. అర్థశతాబ్ది గడచిన పిమ్మట, 1953లో, పారిస్ పత్రిక ఒకటి మరొక కథనం ప్రకటించింది. పొగగొట్టాల పని చేసే ఒక వ్యక్తి, తాను ప్రక్క ఇంటి కప్పు మరమ్మతు చేస్తూ జోలా ఇంటి గొట్టాన్ని మూసి, మరునాడు వేకువనే ఎవరూ చూడకుండా తెరిచానని, 1927లో ఒక మిత్రునితో చెప్పుకున్నాడట. అతడు డ్రెయ్‌ఫస్ పక్షానికి బద్ధవిరోధి. ఆ మాట నిజమైతే గినీ పందులు బ్రతకడానికి కారణం తెలుస్తుంది. అయితే చెప్పినవాడు అప్పటికే గతించాడు. ఋజువు చేసే సాక్ష్యం లేదు. డంబమో, నిజమో తేల్చగలవారు నేడు లేరు. సాక్ష్యం లేనిదే ఎవరినీ దోషి అనరాదన్న సూత్రం కొరకు పోరాడిన మనిషి విషయంలో, ఆ సూత్రాన్ని మనమూ పాటించడమే న్యాయం.

అక్టోబరు 5న మోమార్త్ర్ శ్మశానంలో జరిగిన అంత్యక్రియలలో అనతోల్ ఫ్రాన్స్ ప్రసంగించాడు. డ్రెయ్‌ఫస్ వచ్చాడు. బొగ్గుగని కార్మికులు జెర్మినాల్ అన్న ఒక్క మాటనే ఉచ్చరిస్తూ శవపేటిక ముందు నుండి నడిచిపోయారు. జోలాకు జాన్ రోజెరో అనే ఆమె వలన ఇద్దరు బిడ్డలు కలిగారు. ప్రాణాలతో బయటపడిన అలెగ్జాండ్రీన్ ఆ బిడ్డలను ఆదరించి, వారికి తండ్రి పేరు దక్కేటట్లు చేసింది. 1906లో డ్రెయ్‌ఫస్ నిర్దోషి అని అత్యున్నత న్యాయస్థానం ప్రకటించింది. 1908 జూన్‌లో జోలా భౌతికకాయాన్ని జాతి మహనీయుల సమాధిమందిరమైన పాంథియన్‌కు తరలించి, విక్టర్ హ్యూగో చెంత ఉంచారు.

పొగగొట్టాన్ని ద్వేషం మూసిందో, అశ్రద్ధ మూసిందో చరిత్ర చెప్పలేదు. విషవాయువుకు మాత్రం ఆ భేదం తెలియదు. చలిరాత్రి తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టుకునే ఇంటిలోనూ, గాలి పోయే దారి లేని స్నానాల గదిలో గ్యాసు గీజరు అమర్చిన ఇంటిలోనూ, అది నేటికీ అదే విధంగా ప్రవేశిస్తున్నది. ఒకే గదిలోని ఇద్దరికి ఒకేసారి తల నొప్పి, వికారం కలిగితే అది అజీర్ణం కాదేమోనని అనుమానించి, ఆ క్షణమే తలుపు తెరచి బయటకు రావాలి. ఇరుగుపొరుగును లేపడానికి మొగమాటపడరాదు. నౌకర్ల నిద్ర చెడగొట్టరాదనుకున్న ఆ రాత్రి జోలా చూపినది దయ. ఒక దేశాన్నే నిద్ర లేపిన మహనీయుడు, ఆ ఒక్క రాత్రి ఇంటివారిని లేపి ఉంటే బ్రతికి ఉండేవాడేమో!