మట్టిని కొలిచిన ఇంజనీరు - కార్ల్ టెర్జాగి

ఇనుము ఎంత బరువు మోయునో, రాయి ఎంత మోయునో ఇంజనీరు ముందుగనే లెక్కకట్టగలడు. ఆ రెంటికిని ఆధారమైన మట్టి మాట యేమి? ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆ లెక్క చాలవరకు అనుభవజ్ఞుల ఊహపైననే నడచెడిది. కట్టలు జారుచుండెను, భవనములు క్రుంగుచుండెను. ఈ లోపమును తీర్చుటకు జీవితమును ధారవోసినవాడు కార్ల్ టెర్జాగి.

అతడు 1883లో ప్రేగ్ నగరమున ఒక సైనికోద్యోగి యింట జన్మించెను. గ్రాజ్ పట్టణమున యంత్రశాస్త్రము చదివెను గాని మనసు భూగర్భశాస్త్రముపై నిలిచెను. కొన్నియేండ్లు నిర్మాణపు పనులలో గడపి, 1912లో అమెరికాకు వెళ్లెను. ఆనకట్టలు కట్టుచున్న తావులు చూచి, నేల స్వభావమునకును కట్టడముల మంచిచెడ్డలకును గల సంబంధమును గ్రహింపవలెనని అతని యాశ. సుమారు రెండేండ్లు తిరిగి నిరాశతో మరలివచ్చెను. వివరములు కుప్పలుగా దొరకినవి, సూత్రము దొరకలేదు. మట్టికి పేర్లున్నవి గాని దాని గుణమును తెలుపు అంకెలు లేవు. అతని జీవితమున ముఖ్యఘట్టము ఈ పరాజయమే యని నాకు తోచును.

1916లో కాన్‌స్టాంటినోపిల్, అనగా నేటి ఇస్తాంబుల్, నగరమున అధ్యాపకుడుగా చేరెను. యుద్ధము ముగిసిన పిదప ఆ యుద్యోగము పోగా, అచ్చటనే రాబర్ట్ కళాశాలలో కుదిరెను. పరికరములకు ధనము లేదు. చుట్టల పెట్టెలు, పారవేసిన వంటింటి సామగ్రి మొదలగువానితోనే ప్రయోగశాల నేర్పరచుకొనెను. పరికరములు లేవని చింతించు మన ఉపాధ్యాయులు ఈ ముచ్చటను పిల్లలకు చెప్పవచ్చును.

నీటితో నిండిన బంకమన్నుపై బరువు నుంచి, అది కాలక్రమమున ఎంత అణగుచున్నదో అతడు కొలిచెను. రేణువుల సందులలో నీరుండును. బరువు పడినంతనే దానిని మొదట మోయునది రేణువులు కావు, ఆ నీరే. సందులు మిక్కిలి సన్నములగుటచే నీరు మెల్లమెల్లగా వెలికిపోవును. పోయినకొలది భారము రేణువులపైకి మారును, మన్ను అణగును. కనుకనే బంకనేలపై కట్టిన భవనము ఏండ్ల తరబడి క్రుంగుచుండును. ఇసుకలో నీరు త్వరగా జారిపోవును గాన అచ్చట ఆ క్రుంగుట శీఘ్రముగనే ముగియును. మొత్తము ఒత్తిడినుండి నీటి యొత్తిడిని తీసివేయగా మిగిలినదానిపైననే మట్టి బలము ఆధారపడును. చూచుటకు చిన్న తీసివేత లెక్కయే!

1925లో ఈ విషయములతో అతని గ్రంథము వియన్నాలో వెలువడెను. మృత్తికా యాంత్రికశాస్త్రము దానితో రూపుదాల్చెను. ఆ యేడే అమెరికాలోను, 1929 నుండి వియన్నాలోను ఆచార్యుడుగా పనిచేసెను. వియన్నాలో సహాచార్యుడు పాల్ ఫిలుంగర్ 1936లో అతని సిద్ధాంతమును తీవ్రముగా ఖండించుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. విచారణ తనకు ప్రతికూలముగా నడువగా, 1937లో ఫిలుంగర్ భార్యతోకూడ ప్రాణములు తీసికొనెను. నీటి యొత్తిడినిగూర్చి ఫిలుంగర్ అంతకు చాలకాలము ముందే విలువైన పరిశోధన చేసియుండెను. ఈ వివాదమున గెలుపు ఎవరిదన్నను మనసు కలుక్కుమనును.

1938లో టెర్జాగి ఆస్ట్రియాను వీడి, పిమ్మట హార్వర్డు విశ్వవిద్యాలయమున స్థిరపడెను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, మెత్తని బంకపొర గల లోయయందు, మట్టి ఆనకట్ట నొకదానిని నిర్మింపజేసెను. అది 1960లో పూర్తియయ్యెను. 1963లో అతడు మరణించెను. 1965లో ఆ మట్టికట్టకు అతని పేరు పెట్టిరి.