మబ్బు కింది గాలి జాడ తీసిన ఫుజిటా

ఏప్రిల్ నెల వచ్చిందంటే కువైట్‌లో ఉన్న మనందరికీ ఒక కన్ను ఆకాశం మీదే ఉంటుంది. ఇక్కడి వాళ్ళు సరాయాత్ అని పిలిచే ఈ రోజుల్లో, అప్పటిదాకా ఎండ కాసిన ఆకాశం చూస్తుండగానే నల్లబడుతుంది. ముందు దుమ్ము, వెనకాలే ఉరుములు, నాలుగు చినుకులు! 2011 మార్చి 25, శుక్రవారం సాయంత్రం గోడలా లేచి వచ్చిన దుమ్ము ఊరంతా చీకటి చేసిన సంగతి ఇక్కడి పాతవాళ్ళెవరూ మరచిపోయి ఉండరు.

అలాంటి ఒక ఏప్రిల్ సాయంత్రం నేను హైదరాబాద్ నుంచి తిరిగి వస్తున్నాను. మొదటిసారి విమానం ఎక్కిన మా అమ్మ నా పక్కన కూర్చుంది. కింద దీపాలు కనబడుతున్నాయి, ఇంకో నిమిషంలో దిగుతామనగా విమానం ఒక్క కుదుపు కుదిపి, పెద్ద రొదతో మళ్ళీ పైకి లేచింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని గోవింద నామాలు మొదలుపెట్టింది. అరగంట చక్కర్లు కొట్టాక గానీ దిగలేదు. రన్‌వే దగ్గర గాలి మారుతోందని హెచ్చరిక వచ్చిందని పైలట్ చెప్పినా, అందరితో పాటు నేనూ విసుక్కున్నాను. ఆ హెచ్చరిక వెనక ఒక మనిషి జీవితకాలపు శ్రమ ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆయనే టెట్సుయా ఫుజిటా.

ఫుజిటా 1920 అక్టోబర్ 23న జపాన్‌లోని క్యుషు దీవిలో, ఇప్పటి కితక్యుషు నగరంలో పుట్టారు. తండ్రి బడిపంతులు. హిరోషిమాలో చదివే అవకాశం ఉన్నా, ఊరికి దగ్గర్లోని మెయిజీ కళాశాలలోనే చేరమన్నది తండ్రి చివరి కోరిక. ఆయన 1939లో కన్నుమూశారు. ఫుజిటా ఆ మాట పాటించి, చదువయ్యాక అక్కడే పాఠాలు చెప్పసాగారు. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబు పడవలసింది ఆ పక్కనే ఉన్న కొకురా మీద. మబ్బు, పొగ కమ్మి గురి కుదరక విమానం నాగసాకికి మళ్ళింది. మబ్బే ఆయన ప్రాణం నిలిపింది!

కొన్ని వారాలకు ఆయన నాగసాకి వెళ్ళి, శ్మశానంలో వెదురు పూలగొట్టాల మీద కాలిన గుర్తులను బట్టి బాంబు ఎంత ఎత్తున పేలిందో లెక్కగట్టారు. మిగిలిపోయిన గుర్తుల నుంచి జరిగినదాన్ని చదవడం ఆయనకు అక్కడే అలవడింది.

1947లో ఒక కొండ మీది పరిశీలన కేంద్రంలో ఉరుముల మబ్బును గమనించి, దానిలోంచి గాలి కిందికి దూకుతుందని గ్రహించారు. ఆ వ్యాసం చూసి షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు హొరేస్ బయర్స్ 1953లో ఆయన్ను అమెరికాకు పిలిపించుకున్నారు. టోర్నడోల తీవ్రతను కొలిచే ఎఫ్ స్కేలును 1971లో ఇచ్చింది ఈయనే.

1974 ఏప్రిల్‌లో టోర్నడోలు పడిన ప్రాంతాలను విమానంలోంచి చూస్తుంటే, ఒకచోట చెట్లు నడుమ నుంచి నలువైపులా, నక్షత్రం ఆకారంలో పడి ఉన్నాయి. అణుబాంబు చోట చూసిన ఆకారమే! మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో ఉరుముల వానలో దిగుతూ ఒక విమానం కూలి 110 మందికి పైగా చనిపోయారు. ఫుజిటా ఆ రోజు దిగిన విమానాల రికార్డులన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. మబ్బు నుంచి దూకిన చల్లగాలి నేలను తాకి చుట్టూ పరుచుకుంటుంది. విమానానికి ముందు ఎదురుగాలి, తరువాత కిందికి తోసే గాలి, ఆ వెంటనే వెనకగాలి. వేగం పడిపోతుంది, తేరుకునేంత ఎత్తు ఉండదు. నాలుగు కిలోమీటర్లకు మించని ఈ గాలి దెబ్బకు మైక్రోబర్స్ట్ అని పేరు పెట్టారు. అంత బలమైన గాలి నేల దాకా రాదని తోటి శాస్త్రవేత్తలు చాలామంది కొట్టిపారేశారు.

ఆయన వాదనకు దిగకుండా రాడార్ల వైపు వెళ్ళారు. డాప్లర్ రాడార్ వాన చినుకులు మనవైపు ఎంత వేగంగా వస్తున్నాయో, ఎంత వేగంగా పోతున్నాయో చెబుతుంది. 1978లో షికాగో దగ్గర దాదాపు 50, 1982లో డెన్వర్ దగ్గర 180కి పైగా మైక్రోబర్స్ట్‌లు దొరికాయి. అయినా విమానాశ్రయాలకు రాడార్లు వచ్చేలోగానే 1985లో డల్లాస్‌లో మరో విమానం కూలింది. ఆ తరువాతే రాడార్లు, విమానంలోనే హెచ్చరించే పరికరాలు, పైలట్లకు శిక్షణ వచ్చాయి. 1994 తరువాత అమెరికాలో ఈ కారణంగా ప్రయాణికుల జెట్ విమానమేదీ కూలలేదు. 1998 నవంబర్ 19న ఆయన కన్నుమూశారు.

కంప్యూటర్ల మీద ఆయనకు పెద్దగా నమ్మకం ఉండేది కాదు. పటాలన్నీ చేత్తోనే గీసేవారు. ఈనాడు మబ్బుల చుట్టూ గాలి సుడులను కంప్యూటర్ నమూనాలతోనూ, రాడార్లతోనూ కలిపి చదువుతున్నారు. మన తిరుపతికి దగ్గరలోని గాదంకిలో 1024 యాంటెన్నాల పెద్ద రాడార్ ఉంది. కడప, రాయచోటి, చిత్తూరుల నుంచి వచ్చిన మనవాళ్ళెందరో ఆ చుట్టుపక్కల తిరిగినవారే.

మా అమ్మ ఇప్పటికీ ఆ రాత్రి గోవిందుడే కాపాడాడంటుంది. నేను కాదనను. కాకపోతే ఆ దండంలో ఫుజిటా గారికీ కొంచెం వాటా ఉందని చెబుతుంటాను. ఈసారి విమానం దిగబోతూ మళ్ళీ పైకి లేస్తే విసుక్కోకండి!