సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) సుప్రసిద్ధ ఆంధ్ర భౌతిక శాస్త్రవేత్త. స్ఫటికాల సౌష్ఠవానికీ, వాటి భౌతిక ధర్మాలకూ గల సంబంధంపై విశేష కృషి చేశాడు. ఉపగ్రహాలలోని క్వార్ట్జ్ డోలకాల పౌనఃపున్య స్థిరత్వానికి ఆధారమైన సిద్ధాంతంలో ఈ కృషికి చోటుంది. అయితే అటువంటి డోలకాన్ని ఇతడు స్వయంగా రూపొందించలేదు.

జీవితం

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి.రామన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు. రామన్ ఫలితం వెలువడినది ఆ సంవత్సరమే. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడై, ముప్పై ఏళ్ళు నిండకముందే ఆచార్యుడయ్యాడు.

స్ఫటికాలపై పరిశోధన

వాల్తేరులో జె.భీమసేనాచార్‌తో కలిసి అతిధ్వని తరంగాల సాయంతో స్ఫటికాల స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచాడు. సమాన మందం గల క్వార్ట్జ్ ఫలక కొన్ని పౌనఃపున్యాల వద్ద మాత్రమే బలంగా కంపిస్తుంది. అందుచేత వీరు ఒక చివర పలుచగా, మరొక చివర మందంగా ఉండే చీలవంటి క్వార్ట్జ్ ముక్కను వాడి, కావలసిన పౌనఃపున్యాన్ని రాబట్టుకున్నారు. 1940వ దశకంలో వజ్రం స్థిరాంకాలను ఈ విధంగానే నిర్ణయించారు. ఆ విలువలు నిలవలేదు; 1957లో మెక్‌స్కిమిన్, బాండ్ చేసిన కొలతలు వాటిని గణనీయంగా సవరించాయి.

నిలిచినది సిద్ధాంత భాగం. సమూహ సిద్ధాంతాన్ని ఉపయోగించి, ఏ స్ఫటిక వర్గానికి ఎన్ని స్వతంత్ర స్థిరాంకాలు ఉంటాయో ఇతడు లెక్కకట్టాడు. డి.సూర్యనారాయణతో కలిసి తృతీయ శ్రేణి స్థిరాంకాలకు కూడా ఈ పద్ధతిని వర్తింపజేశాడు.

క్వార్ట్జ్ ఫలక పౌనఃపున్యం దాని మందం, సాంద్రత, స్థితిస్థాపకతలపై ఆధారపడి ఉంటుంది. ఉష్ణోగ్రత మారితే ఇవన్నీ మారతాయి. స్ఫటికాన్ని తగిన కోణంలో కోస్తే ఈ మార్పులు చాలావరకు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. 1934లో వెలువడిన ఏ.టి. కోతకు (సుమారు 35 డిగ్రీల 15 నిమిషాలు) ఇదే ఆధారం. ఇంతవరకు సాధారణ స్థిరాంకాలు చాలును. క్వార్ట్జ్‌కు అవి 6. కాని ఉపగ్రహంలోని ఫలకపై బిగింపుల ఒత్తిడి, ప్రయోగ సమయంలో త్వరణం కూడా పనిచేస్తాయి. ఒత్తిడికి లోనైన స్ఫటికపు పౌనఃపున్యం ఎంత జరుగుతుందో చెప్పడానికి తృతీయ శ్రేణి స్థిరాంకాలు కావాలి. క్వార్ట్జ్‌కు అవి 14. వాటిని 1966లో థర్‌స్టన్, మెక్‌స్కిమిన్, ఆండ్రియాచ్‌లు కొలిచారు. ఒత్తిడి ప్రభావాన్ని తగ్గించే ఎస్.సి. కోత 1970వ దశకంలో ఈ దారిలోనే వచ్చింది.

ఇది చిన్న విషయం కాదు. ఉపగ్రహం పంపే సంకేతాన్ని బట్టి డాప్లర్ పద్ధతిలో దాని వేగాన్ని కొలిచేటప్పుడు, డోలకం పౌనఃపున్యంలో వంద కోట్లలో ఒక వంతు తేడా వస్తే వేగంలో సెకనుకు 30 సెంటీమీటర్ల దోషం వస్తుంది.

రచనలు, పదవులు

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై 1940లో ఒక గ్రంథం ప్రచురించాడు. టి.వెంకటరాయుడుతో కలిసి రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం, 1966లో వచ్చిన స్ఫటిక సౌష్ఠవ గ్రంథం పేరుపొందాయి. ఇవన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా (1952-57), బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా (1957-62), రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా (1961-69) పనిచేశాడు. సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను సభలలో ఆంగ్లంలోకి అనువదించేవాడిగా కూడా చాలామందికి పరిచితుడు. 1989 ఫిబ్రవరి 6న మరణించాడు.